పీట మొదలు కుర్చీ వరకు

ఒక విషయానికి ప్రాధాన్యమివ్వడాన్ని తెలుగులో ‘పెద్దపీట వేయడం’ అంటాము. వధూవరులను పీటల మీద కూర్చుండబెడతాము. షోడశోపచార పూజలో ఆవాహనం తరువాత దైవానికి సమర్పించేది ఆసనమే. సంస్కృత ‘పీఠం’ మన నోట ‘పీట’ అయింది. ‘కుర్చీ’ అనే మాట మాత్రం అరబ్బీ నుండి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగింటికి చేరింది.

మాట పరాయిదైనంత మాత్రాన పనితనం పరాయిది కాదు. మచిలీపట్నం రేవులో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వర్తకానికి దిగారు. ఆ శతాబ్దంలోనే కోరమాండల్ తీరపు వడ్రంగులు ఐరోపావారి కోసం నల్లని ఎబొనీ కొయ్యతో కుర్చీలు చేశారు. మెలితిరిగిన కడ్డీలు, వెన్నుబల్లపై లతలు, పువ్వులు వాటి శోభ. 18వ శతాబ్దంలో హొరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత ఇట్టి కుర్చీలను కొని, లండన్ సమీపంలోని తన స్ట్రాబెరీ హిల్ భవనంలో అమర్చుకొన్నాడు. అవి తమ దేశపు ట్యూడర్ రాజుల కాలం నాటివని ఆయన నమ్మకం! చెక్కిన చేతికి పేరు లేనప్పుడు కీర్తి ఇట్లే దారి తప్పుతుంది.

నేడు ‘డిజైనర్ కుర్చీ’ అనేది రూపకర్త పేరుతో చెలామణి అవుతున్నది. డెన్మార్కు దేశస్థుడు హాన్స్ వెగ్నర్ 1949లో రూపొందించిన కుర్చీ నేటికీ తయారవుతున్నది. దాని ఆసనాన్ని సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో చేతితోనే అల్లుతారు. దివిసీమలో నులక మంచం అల్లిన వృద్ధుని ముందు దానిని ఉంచితే, ఆయన ముందుగా తాడు బిగువును వ్రేలితో నొక్కి చూస్తాడు. ధర సంగతి ఆ తరువాత. రెండింటిలోని సూత్రం ఒక్కటే. అల్లిక శరీరభారాన్ని పంచుకొంటుంది, గాలిని ఆడనిస్తుంది. సముద్రపు తేమతో ఉక్కపోసే మన డెల్టాలో ఈ రెండవ గుణమే ముఖ్యం. వేసవి మధ్యాహ్నం రెక్సిన్ సోఫా మీద కూర్చొని లేచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

గుడివాడ పరిసరాల పాత మండువా ఇండ్లలోని పడకకుర్చీని గమనించండి. రెండు కడ్డీల నడుమ ఒక గుడ్డ. వెనుక కొయ్యకు కొన్ని గాట్లు. ఆనించిన చట్రాన్ని ఒక గాటు నుండి మరొక గాటుకు మార్చితే వాలు మారుతుంది. గుడ్డ వెన్నుకు తగినట్లు ఒదుగుతుంది. దీని రూపకర్త ఎవరని అడిగేవారే లేరు. ఇప్పుడది అటకెక్కింది, కొన్ని ఇండ్లలో పాత సామానులవాని బండి కూడా ఎక్కింది.

చండీగఢ్‌లోనూ ఇదే జరిగింది. 1950వ దశకంలో అక్కడి కార్యాలయాల కోసం స్విట్జర్లాండ్ వాస్తుశిల్పి పియర్ జన్నెరె పర్యవేక్షణలో టేకు కొయ్య, పేము అల్లికలతో కుర్చీలు తయారయ్యాయి. కాలక్రమంలో వాటిని పనికిరానివని వేలం వేశారు. అవే విదేశీ వేలంశాలల్లో లక్షల రూపాయలు పలికాక గాని వాటి విలువ మనకు తెలియలేదు.

కుర్చీని పరీక్షించడానికి రూపకర్త పేరు చాలదు. కూర్చొన్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఆసనపు అంచుకు, మోకాలి వెనుక భాగానికి నడుమ రెండు మూడు వ్రేళ్ళ ఎడముండాలి. అంగడిలో సోఫా ఎత్తు అందరికీ ఒక్కటే. అందుచేతనే కొత్త సోఫా వచ్చిన ఇంట నాయనమ్మ కాళ్ళు గాలిలో వ్రేలాడతాయి. కాసేపటికి ఆమె దిగి, గోడవారగా పీట వాల్చుకొంటుంది.