బిడ్డను విశ్వవిద్యాలయమునకు పంపుటకు ముందు

మన సభ్యులలో పెక్కుమంది యిండ్లలో ఇంటరు పరీక్ష ముగించిన బాలుడో బాలికయో యుండును. ఫలితములు వెలువడిన దినమున ఇంట పండుగ. కళాశాలలో స్థానము దొరకిన దినమున మరియొక పండుగ. ఆ పిమ్మట పది దినములు తండ్రి కాలు నిలువక తిరుగుట మేము ఏటేట చూచుచున్నాము. ఫీజు, వసతిగృహపు సొమ్ము, ధ్రువపత్రములు, పెట్టె, పరుపు అన్నియు ఒక్కసారిగా వచ్చి పడును. తొందరలో చేసిన అప్పు తొందరగా తీరదు. కావున ఈ నెల పాఠమునకు ఈ విషయమునే గైకొంటిమి.

మొదట కాలమును గుర్తింపవలెను. ఇంజనీరింగు, వ్యవసాయము, డిగ్రీ మొదలగు చదువుల ప్రవేశములు పెక్కు యేండ్లలో ఆషాఢ శ్రావణములందే జరుగుచుండును. సార్వా నాట్లును, పత్తి చేల కలుపులును, ఎరువుల కొనుగోలును అప్పుడే. అనగా ఇంటిలోనున్న రూపాయిని పొలమును కళాశాలయు ఒకే వారమున అడుగును. ఈ రెండవసరములును తుపానువలె చెప్పకుండ వచ్చునవి కావు. బిడ్డ ఇంటరు రెండవ యేట నుండగనే, సంక్రాంతికి ధాన్యము అమ్మిన నాడే, రాబోవు ఫీజులో కొంత భాగమును వేరుగా తీసి సంఘములోగాని బ్యాంకులోగాని డిపాజిటు చేయవలెను. విత్తనపు గింజలను తినుటకు వాడని రైతు, ఈ సొమ్మును గూడ నట్లే కాపాడవలెను.

ఇక అప్పు సంగతి. పంటకని తీసికొన్న ఋణమును ఫీజునకు మళ్లించుట మన సభ్యులు సామాన్యముగా చేయు పొరపాటు. 3 లక్షల రూపాయల లోపు స్వల్పకాలిక పంటఋణముపై కేంద్ర ప్రభుత్వపు రాయితీ వలన వడ్డీ నూటికి ఏడాదికి 7 రూపాయలు. గడువులోపల తీర్చినవారికి మరి 3 తగ్గి 4 మాత్రమే. ఆ సొమ్ము ఫీజునకు పోయినచో ఎరువు తగ్గును, ఎరువు తగ్గిన పంట తగ్గును, పంట తగ్గిన గడువు దాటును, గడువు దాటిన ఆ 3 రూపాయల రాయితీయు పోవును.

అంతకంటె కష్టమైనది చేబదులు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనినపుడు చెవికి స్వల్పముగనే వినబడును. లక్ష రూపాయలకు అది ఏడాదికి 24,000 రూపాయలు. నాలుగేండ్ల చదువు ముగియునప్పటికి బారువడ్డీయే 96,000 అగును. అసలు అట్లే నిలిచియుండును. చక్రవడ్డీయైనచో చెప్పనేల?

దీనికి బదులు బ్యాంకులిచ్చు విద్యాఋణమును విచారింపుడు. 4 లక్షల రూపాయల వరకు భూమి తాకట్టు అక్కరలేదు. చదువుచున్న కాలమును, ఆపై నొక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కరలేదు. కాని ఆ కాలమున వడ్డీ పెరుగుచునే యుండును గనుక, చేతనైనవారు వడ్డీనైనను ఎప్పటికప్పుడు చెల్లించుట మేలు. విద్యాలక్ష్మి అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు చేయవచ్చును. 2024లో అంగీకరింపబడిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికచేయబడిన ఉన్నత విద్యాసంస్థలలో చేరినవారికి, కుటుంబపు ఏడాది ఆదాయము 8 లక్షలు మించనిచో, 10 లక్షల వరకు ఋణముపై నూటికి 3 వడ్డీ రాయితీ కలదు. అయితే ఈ ఋణపత్రముపై తండ్రియో తల్లియో గూడ సంతకము చేయుదురు. బిడ్డ అప్పు మొండిపడినచో తలిదండ్రుల పరపతియు చెడునని మరువరాదు.

కళాశాలకు పోయిన దినమున నాలుగు ప్రశ్నలు తప్పక అడుగవలెను. ఏడేడు కట్టవలసినదెంత? ఒక్కసారి మాత్రమే కట్టవలసినదెంత? తిరిగి వచ్చు డిపాజిటు ఎంత? భోజనపు ఖర్చు నెలకెంత? ఈ నాల్గింటికిని సమాధానములు కాగితముపై వ్రాయించుకొనుడు. రసీదు లేని సొమ్ము ఇయ్యకుడు. అసలు ధ్రువపత్రములను చూచి, సరిపోల్చుకొని, తిరిగి యిచ్చివేయవలెనని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018లో కళాశాలలకు తెలిపియున్నది. ఆ సంగతి ఎరిగియుండుట మంచిది.

కులము, ఆదాయము, నివాసము తెలుపు పత్రములను వేసవిలోనే తహసీలుదారు కార్యాలయమునుండి పొందుడు. ఫీజు చెల్లింపు పథకమునకు అవియే ఆధారము. ఆ పథకపు సొమ్ము ఆలస్యముగ వచ్చు సందర్భములు మన యెరుకలోనివే గనుక, అది వచ్చువరకు జరుగుబాటునకు కొంత సొమ్ము చేతిలో నుంచుకొనవలెను. వ్యవసాయ విద్య కోరు బిడ్డలకు మరియొక మాట. ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయమునందును, ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయమునందును రైతు కుటుంబములవారికి కొన్ని స్థానములు ప్రత్యేకింపబడియున్నవి. పట్టాదారు పాసుపుస్తకమును, పల్లెలో చదివినట్లు బడి ఇచ్చిన పత్రములును సిద్ధముగ నుంచుకొనుడు.

సొమ్ము సమకూరినంతమాత్రమున ఏర్పాటు ముగియలేదు. బిడ్డ సంగతి మిగిలియున్నది.

నారుమడినుండి తీసి నాటిన పైరు మొదటి దినములలో వాడియుండును. తెలిసిన రైతు దానిని పెరికి వేళ్లు చూడడు. నీరు మాత్రము నిలుపును. పల్లెనుండి పోయిన బిడ్డయు నట్టిదే. తెలుగులో చదివినవానికి ఆంగ్ల పాఠములు కొన్ని నెలలు చెవికెక్కవు. మొదటి అర్ధ సంవత్సర పరీక్షలో ఒకటి రెండు విషయములు తప్పుట కలదు. అవి మరల వ్రాయవచ్చును. ఆ మాటను బిడ్డ బయలుదేరక ముందే చెప్పియుంచుడు. చెప్పనిచో, తప్పిన బిడ్డ తండ్రికి వెరచి దాచును. దాచినది రెండవ యేటికి పెరిగి భారమగును.

హాజరు విషయమై గూడ జాగ్రత్త వలయును. సాధారణముగా నూటికి 75 వంతుల హాజరు లేనిదే పరీక్షకు అనుమతింపరు. పత్తి తీతకని, కోతలకని బిడ్డను పదే పదే ఇంటికి పిలిపించు సభ్యులు కలరు. ఒక దినపు కూలి మిగిలినదని సంతసింతుము. ఒక సంవత్సరపు ఫీజు నష్టమగునని తలపము. కూలివాని పెట్టుకొనుటయే చవుక.

పై తరగతి విద్యార్థులు క్రొత్తవారిని వేధించుట నేరము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లోనే దీనికి చట్టము చేయబడినది. 2009లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము దేశమంతటికి నియమములు చేసినది. 1800-180-5522 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఫిర్యాదు చేయవచ్చును. మనసు క్రుంగినవారికి 2022లో కేంద్ర ప్రభుత్వము టెలిమానస్ అను సహాయమును ప్రారంభించినది. దాని సంఖ్య 14416. ఈ రెండు సంఖ్యలను బిడ్డ పుస్తకమునందును, మీ గోడ క్యాలెండరుమీదను వ్రాసియుంచుడు.

కడపటి మాట యొకటి, మా అభిప్రాయమున అన్నిటికంటె ముఖ్యమైనది. ఇంటి లెక్కను బిడ్డకు దాపరికము లేక చూపుడు. ఎంత పండినది, ఎంత అప్పున్నది, నెలకెంత పంపగలము అను మూడు మాటలు చాలును. “నీ కెందుకు, నీవు చదువుకో” అను తండ్రి ప్రేమచేతనే యట్లనును. కాని లెక్క తెలియని బిడ్డ ఒకడు తోటివారిని చూచి ఖర్చు పెంచును. మరియొకడు ఇల్లు మునుగుచున్నదని ఊహించుకొని పూట భోజనము మానును. ఈ రెంటికిని కారణము తెలియకపోవుటయే. ఇంటిలో నిజము చెప్పిన తలిదండ్రులకే బిడ్డయు నిజము చెప్పును. వారమునకొకమారు ఫోనులో మాటలాడునపుడు మార్కులనుగూర్చి కాక, తిన్నదేమి, నిద్ర యెట్లు, స్నేహితులెవరు అని ముందుగా అడుగుడు. బిడ్డ కష్టము చెప్పుకొన్నచో కోపింపక వినుడు. ఏ అప్పునైనను మొదటి వాయిదా తప్పిన నాడే సంఘమునకు వచ్చి చెప్పిన సభ్యునికి దారి దొరకును, దాగినవానికి దొరకదు. చదువునందును ఇదియే న్యాయము.

ఈ పాఠమును సభ్యులు తామే చదివి మడిచి పెట్టరాదు. వచ్చు ఏడు పోవలసిన బిడ్డచేతనే, ఇంటిల్లిపాదియు కూర్చుండగా, ఒకమారు గట్టిగా చదివింపుడు. ఆ రాత్రియే లెక్క వ్రాయ మొదలిడుడు.