జిప్సం బోర్డు పని: మూయక ముందే చూడవలసినవి

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురికి జిప్సం బోర్డుతో తొలి పరిచయం కొత్త ఫ్లాటులో ఫాల్స్ సీలింగ్ వేయించుకునేటప్పుడో, అద్దె ఇంటి హాలును రెండు గదులుగా విడదీసేటప్పుడో కలుగుతుంది. ఇటుక గోడ కడుతున్నంత సేపూ వరుస వరుసా కంటికి కనబడుతుంది. బోర్డు పనిలో ముఖ్యభాగమైన ఇనుప చట్రం ఒకటి రెండు రోజులలోనే లోపలికి వెళ్ళిపోతుంది. ఆ తరువాత మంచి పనికీ నాసిరకం పనికీ రంగు ఒక్కటే. అందువల్ల చట్రాన్ని బోర్డుతో మూయక ముందే పరిశీలించడం ఈ పాఠంలో ప్రధానాంశం.

1. బోర్డు స్వభావం

జిప్సం మెత్తని ఖనిజం. దానిని కాల్చి, పొడి చేసి, నీటితో కలిపి, రెండు దళసరి కాగితాల నడుమ పలకగా గట్టిపరుస్తారు. గట్టిపడిన జిప్సం బరువులో సుమారు ఐదో వంతు నీరు రసాయనికంగా బంధింపబడి ఉంటుంది. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై వేడిని కొంతసేపు నిలువరిస్తుంది. అయితే బయటినుంచి చేరే నీటికి ఈ బోర్డు లొంగిపోతుంది. కాగితం ఉబ్బి, పలక మెత్తబడి, కిందికి వంగుతుంది. వంటగది, స్నానాల గది సమీపంలో ఆకుపచ్చ కాగితం గల తేమ నిరోధక బోర్డును వాడతారు. అది గాలిలోని తేమకు ఓర్చుకుంటుంది గాని, కారే నీటికి ఓర్చుకోదు.

ఇళ్ళలో సాధారణంగా వాడే బోర్డు మందం 12.5 మి.మీ. దీనికి వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2095. సరుకు దిగిన రోజే బోర్డు వెనుక ముద్రించిన తయారీదారు పేరును, రకాన్ని ఒప్పందంలో రాసిన వాటితో సరిచూసుకోవాలి.

2. బిగించే విధానం

అడ్డుగోడకు ముందుగా నేలపైనా, కప్పుకూ జింకు పూత గల చానెళ్ళు బిగిస్తారు. వాటి నడుమ నిలువు కమ్మీలను నిలుపుతారు. కమ్మీల మధ్య దూరం 600 మి.మీ., అంటే రెండడుగులు, మించకూడదు. ఫాల్స్ సీలింగ్‌లో బోర్డు బిగించే కమ్మీలు ఇంకా దగ్గరగా, సుమారు 450 మి.మీ. దూరంలో ఉంటాయి. కమ్మీలను దూరం చేస్తే కాంట్రాక్టరుకు ఇనుము మిగులుతుంది. మీ బోర్డు కొద్ది కాలంలోనే ఊగుతుంది.

స్క్రూ తల కాగితాన్ని చింపకుండా దానికంటే కొద్దిగా లోపలికి దిగాలి. గోడ బోర్డు అడుగు అంచును నేలకు సుమారు 10 మి.మీ. ఎత్తున నిలపాలి, లేకుంటే ఇల్లు తుడిచిన నీటిని కాగితం పీల్చుకుంటుంది. బోర్డుల అతుకులపై టేపు అంటించి, అతుకుల ముద్దను సాధారణంగా మూడు పూతలుగా పూస్తారు. ప్రతి పూతా పూర్తిగా ఆరాలి. వానాకాలంలో ఇందుకు ఎక్కువ సమయం పడుతుంది. టేపు లేకుండా పుట్టీతో కప్పిన అతుకు తరువాత గీతలా పగులుతుంది.

ఫ్యాను బరువు ఎన్నడూ బోర్డుపైనా, దాని చట్రంపైనా పడకూడదు. కాంక్రీటు కప్పులోని కొక్కెం నుంచే ఫ్యానును వేలాడదీయాలి. టీవీ, గోడ అలమర వచ్చే చోట బోర్డు వెనుక ప్లైవుడ్‌నో అదనపు కమ్మీలనో ముందుగానే అమర్చాలి. విద్యుత్ తీగలు పైపులలో నుంచి వెళ్ళాలి. ఇవన్నీ అమరిన తరువాత, కొలత టేపును పక్కన ఉంచి చట్రాన్ని ఫోటో తీసుకోండి. రేపు మేకు కొట్టవలసి వచ్చినా, వివాదం వచ్చినా ఆ ఫోటోయే ఆధారం.

3. పని అప్పగించే ముందు

కనీసం ముగ్గురి వద్ద ఒకే కొలతలకు అంచనాలు తీసుకోండి. బోర్డు రకం, మందం, కమ్మీల దూరం, పూతల సంఖ్య, రంగు, విద్యుత్ పని, చెత్త తరలింపు ఇందులో చేరాయో లేదో రాయించుకోండి. కాంట్రాక్టరు చేసిన పనులలో ఒక వానాకాలం గడిచిన దానిని చూడటం మంచిది.

కొలిచే పద్ధతిని తప్పక అడగాలి. పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు గల అడ్డుగోడ ఒక వైపు లెక్కన 90 చదరపు అడుగులు; రెండు వైపులా లెక్కిస్తే 180. ధర తక్కువగా చెప్పి రెండు వైపులా కొలిస్తే, బిల్లు అనుకున్నదానికి రెట్టింపు అవుతుంది.

సొమ్మును దశలవారీగా చెల్లించండి: సరుకు దిగినప్పుడు కొంత, చట్రం చూసిన తరువాత కొంత, అతుకులు ఆరిన తరువాత కొంత, లోపాలు సరిచేశాక మిగిలినది. అద్దెకున్నవారు యజమాని అనుమతిని రాతపూర్వకంగా పొందాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్డుగోడను తొలగించాలా, ఆ ఖర్చు అడ్వాన్సులో కోసుకుంటారా అన్నది అందులోనే తేలాలి.

ఒప్పందం కన్నడంలో ఉంటే భయపడనక్కర లేదు. 'ఒప్పంద' మన ఒప్పందమే, 'చదర అడి' చదరపు అడుగే. 'ముంగడ' అంటే బయానా, 'ఖాతరి' అంటే హామీ, 'సోరికె' అంటే నీటి కారుడు. అర్థం కాని వాక్యం ఒక్కటి ఉన్నా చదివించుకున్న తరువాతే సంతకం చేయండి.

4. మరమ్మతు

మేకు రంధ్రాలకు పుట్టీ చాలు. పిడికిలంత రంధ్రమైతే దెబ్బతిన్న భాగాన్ని చతురస్రంగా కోసి, వెనుక ఆధారపు పట్టీ బిగించి, కొత్త ముక్కను స్క్రూలతో అమర్చి, అతుకులకు టేపు వేయాలి. నీటికి వంగిన బోర్డు ఆరినా పూర్వస్థితికి రాదు; మార్చవలసిందే.

మరక కనబడితే ముందు నీటి మూలాన్ని వెదకాలి. మా ఇంటి సీలింగ్‌పై పసుపు మరక వస్తే రెండేళ్ళు వరుసగా పుట్టీ, రంగు వేయించాము. మూడో ఏడు బోర్డు కోసి చూస్తే పై అంతస్తు స్నానాల గది పైపు అతుకు నుంచి చుక్క చుక్కగా నీరు కారుతోంది. రెండుసార్లు పెట్టిన ఖర్చు వృథా కాగా, మూడోసారి బోర్డు ఖర్చు కూడా తోడయింది. వచ్చిన పనివారెవరూ పైకి వెళ్ళి చూద్దామనలేదు, మేమూ అడగలేదు.

5. వివాదం తలెత్తితే

బిల్లు, చెల్లింపు రసీదులు, ఫోటోలు ఒకచోట భద్రపరచండి. మొదట లోపాన్ని రాతపూర్వకంగా తెలిపి గడువు ఇవ్వండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇంటి కోసం సొమ్ము చెల్లించి చేయించుకున్న పనిలోని లోపంపై, వివాద కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించకపోతే ఫిర్యాదు రుసుము ఉండదు.

పునశ్చరణ

1. ఫ్యానును దేని నుంచి వేలాడదీయాలి? ఎందుకు?
2. మీ అంచనా పత్రంలో అడ్డుగోడను ఒక వైపు కొలిచారా, రెండు వైపులా కొలిచారా?
3. బోర్డు మూయక ముందు మీరు ఫోటో తీయవలసిన మూడు అంశాలేవి?
4. సీలింగ్‌పై మరక కనబడితే రంగు కంటే ముందు చేయవలసిన పని ఏమిటి?