గేమ్స్ పీరియడ్ ఎందుకు? రహీం సార్ కథ చదవండి



"పదో తరగతికి వచ్చాక కూడా గేమ్స్ పీరియడ్ ఎందుకు సార్? ఆ గంటలో ఇంకో టెస్ట్ పెట్టొచ్చు కదా?" కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా పేరెంట్స్ మీటింగ్‌లో తప్పకుండా వినపడే మాట ఇది. మీరు అడగడంలో తప్పేమీ లేదు. ఫీజు కట్టేది మీరు, పిల్లల గురించి రాత్రిళ్లు ఆలోచించేదీ మీరే. అందుకే ఈ నెల పాఠంలో ఒక బడి పంతులు గారి గురించి చెప్పుకుందాం. ఆయన ఫుట్‌బాల్ కూడా ఆడేవారు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు మన ప్రాంతం కూడా నిజాం రాజ్యంలోనిదే. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ యూనివర్సిటీ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. అప్పట్లో అక్కడ బోధన ఉర్దూలో సాగేది. బీఏ అయ్యాక ఉద్యోగం టీచర్‌గానే. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పారు. ఆ తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. అంటే ఈ రోజు మన పిల్లలు "పీఈటీ సార్" అని పిలిచే పని.

ఆ పీఈటీ సారే 1950 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ కోచ్. పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరంగా ఓడాం. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఇంత ఓటమి తర్వాత కూడా రహీం గారు ఎవరినీ నిందిస్తూ కూర్చోలేదు, ఆట తీరునే మార్చారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దించి ఆడించడం మొదలుపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం మళ్లీ అంత దూరం వెళ్లలేదు.

ఆయన నేర్పిన పద్ధతి చూడండి, అందులో క్లాస్‌రూమ్ టీచర్ కనిపిస్తారు. కుడికాలు వాటం ఉన్న కుర్రాడిని ఎడమకాలితోనే తన్నమనేవారు. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒక్కడే పరుగెత్తడాన్ని డ్రిబ్లింగ్ అంటారు కదా, అది నిషేధించి ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. లెక్కల్లో ఎప్పుడూ వచ్చిన లెక్కలే చేసే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, ఈ ఎడమకాలి పాఠం మీకు వెంటనే అర్థమవుతుంది. రాని లెక్కను ముందు పెట్టి, తప్పు చేసే సమయం ఇవ్వాలి. అలా తప్పు చేస్తే మార్కులు పోని చోటు బడిలో గేమ్స్ పీరియడ్ ఒక్కటే.

సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ పేద ఇంటి కుర్రాడు. ప్రాక్టీస్ కోసం హైదరాబాద్ దాకా వచ్చే స్తోమత లేదు. సైకిల్ అద్దెకు డబ్బులు రహీం సారే ఇచ్చారని బలరామ్ పెద్దయ్యాక చెప్పేవారు. ఆ కుర్రాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. అనారోగ్యం వల్ల బలరామ్ ఆట 27 ఏళ్లకే ఆగిపోయింది. మిగిలిన జీవితం కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో గడిపి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. కాబట్టి ఆట ఒక్కటే బతుకు నిలబెడుతుందని మేము చెప్పం. చదువు పక్కన పెట్టమనీ చెప్పం. రహీం గారు కూడా డిగ్రీ చదివి ఉద్యోగం చేసినవారే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ అధికారి తప్పుబట్టడంతో, అక్కడి ప్రేక్షకులు మనవాళ్ల మీద కోపంగా ఉన్నారు. మైదానంలో భారత జట్టు కనిపిస్తే చాలు, అరుపులు. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి, డిఫెన్స్‌లో ఆడే ఆయనను రహీం గారు ముందుకు పంపారు. గోల్‌పోస్ట్ దగ్గర హైదరాబాద్ పీటర్ తంగరాజ్. ముందు వరుసలో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్, యూసుఫ్ ఖాన్. దేశ విభజనలో చిన్నప్పుడే నలిగిపోయిన సిక్కు కుర్రాడు జర్నైల్, క్రైస్తవుడు తంగరాజ్, ముస్లిం యూసుఫ్, హిందువు బలరామ్, అందరికీ గురువు రహీం సాబ్. ఎవరి ప్రార్థన వారిది, బంతి మాత్రం అందరిదీ. ఆ రోజు స్టేడియంలో మన జట్టును ఉత్సాహపరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లూ ఉన్నారు! ఈ సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. పీకే, జర్నైల్ చెరో గోల్ కొట్టారు, 2-1తో స్వర్ణం మనది. అప్పటికే రహీం గారి ఆరోగ్యం దెబ్బతింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. తర్వాత వైమానిక దళంలో ఉద్యోగం, అంతర్జాతీయ రిఫరీ, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు.

"అవన్నీ హైదరాబాద్ సంగతులు, అదీ మగపిల్లలవి" అనుకోకండి. 2016లో కామారెడ్డి వేరే జిల్లా అయ్యేదాకా మనమూ నిజామాబాద్ జిల్లా వాళ్లమే కదా. ఆ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు కూడా ఆడింది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంటి ముందు గోడ ఉంటే చాలు, బంతి ఖరీదైనది అక్కర్లేదు. మీ అబ్బాయో అమ్మాయో వాటం లేని కాలితో గోడకేసి 20 సార్లు తన్నాలి, పక్కన మీరు లెక్క పెట్టాలి. మొదటి వారం బంతి ఎటెటో పోతుంది, నవ్వకండి. నలుగురు పిల్లలు ఉంటే డ్రిబ్లింగ్ లేని ఆట పెట్టండి. వచ్చే మీటింగ్‌కు వచ్చినప్పుడు క్లాస్ టీచర్‌తో మార్కులు మాట్లాడాక, గ్రౌండ్ వైపు కూడా రండి. మా పీఈటీ సార్ అక్కడే ఉంటారు. మీ పిల్లల ఎడమకాలు ఎంతవరకు వచ్చిందో అడగండి.