షోపెన్‌హావర్‌ను సగంలో వదిలేయకు

చిరంజీవి చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. షోపెన్‌హావర్‌ను చదువుతున్న దగ్గర్నుంచి పరీక్షలు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఒక్కలాగే వట్టివిగా కనిపిస్తున్నాయని రాశావు. నీ వయసులో ఆయన్ని చదివినవాళ్లు చాలామంది ఇదే అంటారు. అనడంలో తప్పు లేదు గానీ, నువ్వు పుస్తకం మధ్యలో ఆగిపోయి తీర్పు చెబుతున్నావేమోనని నా అనుమానం.

ముందు మనిషి సంగతి. 1788లో డాన్‌జిగ్‌లో, అంటే ఇప్పటి పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో పుట్టాడు. తండ్రి కలిగిన వర్తకుడు. పై చదువులు మానుకుని వ్యాపారంలోకి వస్తానంటే యూరప్ అంతా తిప్పి చూపిస్తానని కొడుక్కి ఆశపెట్టాడు. పదిహేనేళ్ల పిల్లాడు ప్రయాణానికే మొగ్గాడు. ఆ తిరుగుడులోనే 1804లో ఫ్రాన్స్‌లోని తులోన్ రేవులో సంకెళ్లలో బతుకుతున్న ఖైదీలను చూశాడు. రోగాన్నీ ముసలితనాన్నీ చావునూ చూసిన బుద్ధుడికి కలిగినట్టే తనకూ ఆ వయసులో కలిగిందని తరవాత రాసుకున్నాడు. మరుసటేడు హాంబర్గ్‌లో తండ్రి కాలవలో శవమై తేలాడు. ఆత్మహత్యేనని కొడుకు నమ్మాడు. తల్లి యోహన్నా వైమార్ చేరి రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. గోథే అంతటివాడు ఆమె ఇంటికి వచ్చేవాడు. 1814లో తల్లీకొడుకులు పోట్లాడుకుని విడిపోయారు. ఆమె 1838లో పోయేదాకా మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇదంతా విని, ‘పాపం, అందుకే అలా రాశాడు’ అనుకుని పుస్తకం మూసేసేవాళ్లుంటారు. నువ్వా పని చెయ్యకు. కష్టపడ్డవాళ్లంతా తత్వం రాయరు. ఆయన చేసింది ఒక వాదం. వాదాన్ని వాదంగానే పట్టుకుని చూడాలి.

నువ్వు చదువుతున్న ‘ఇచ్ఛగా, భావనగా ప్రపంచం’ 1818 చివర్లో వచ్చింది, ముఖపత్రం మీద మాత్రం 1819 అని ఉంటుంది. మనకు కనిపించే లోకమంతా మన ఎరుకలో ఏర్పడ్డ రూపమేనన్న మాట కాంట్ దగ్గర తీసుకున్నాడు. ఆ రూపం వెనక ఏముందో తెలియదని కాంట్ ఆగిపోతే, ఈయన ఆగలేదు. వెనకున్నది ఇచ్ఛ అన్నాడు. గమ్యం లేనిది, కళ్లు లేనిది. విత్తనం మొలకెత్తడం, మనకు ఆకలేయడం, ఒకళ్ల మీద ఒకళ్లం మనసు పడడం అన్నీ దాని పనే. బుద్ధి దాని దగ్గర జీతగాడు. మనం ముందు కోరుకుంటాం, కారణాలు ఆనక వెతుక్కుంటాం. మన ఇళ్లలో స్థలాల తగాదాలు చూసినవాళ్లకి దీని మీద ప్రత్యేకంగా పాఠం చెప్పక్కర్లేదు.

ఇక్కణ్ణుంచి నిరాశ పుడుతుంది. కోరిక అంటే ఏదో లేకపోవడం, లేకపోవడం బాధ. తీరితే కాసేపు ఊరట, ఆ పైన విసుగు, విసుగులోంచి ఇంకో కోరిక. ర్యాంకు కోసం నువ్వు నిద్ర మానుకుని చదివావు. వచ్చాక ఆ సంబరం ఎన్నాళ్లుంది? ఆయన అడిగేది అదే.

ఇప్పుడు ఎదురు ప్రశ్న వెయ్యడం నేర్చుకో. కోరిక ఉన్నచోటల్లా బాధ ఉందా? వంటింట్లోంచి పోపు వాసన వస్తుంటే, ఇంకో పది నిమిషాల్లో విస్తరి వేస్తారని తెలిసినప్పుడు, ఆ ఆకలి బాధేనా? నాకైతే అది సుఖంలో సగం. తీరుతుందన్న నమ్మకమున్న కోరికనీ, ఆశ అడుగంటిన కోరికనీ ఆయన ఒకే ఖాతాలో రాశాడని నేననుకుంటాను. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించకుండా ఆయనకు తల ఊపకు.

నువ్వింకా చేరనిది నాలుగో భాగం. దానికి తోడుగా 1839లో డెన్మార్క్ రాయల్ సొసైటీ పోటీకి పంపిన నీతిశాస్త్ర వ్యాసం చదవాలి. పోటీకి వచ్చింది ఆ ఒక్క వ్యాసమే, అయినా బహుమతి ఇవ్వలేదు! పెద్ద తత్వవేత్తలను అమర్యాదగా తిట్టాడన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. తిట్టిన మాట నిజమే. మనిషిని కదిలించేవి మూడంటాడందులో: స్వార్థం, ఎదుటివాడి చెడు కోరడం, జాలి. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడోదే ఆయనకు వింత. నా ఒంటికి తగలని దెబ్బ నన్నెందుకు కదిలించాలి? నీకూ నాకూ మధ్య గోడ కనిపించినంత గట్టిది కాదు గనక, అన్నిట్లో ఉన్న ఇచ్ఛ ఒక్కటే గనక, అంటాడు. జంతువులను కూడా ఈ లెక్కలో కలిపాడు. వాటిని వస్తువుల్లా చూసినందుకు కాంట్‌ను సైతం వదిలిపెట్టలేదు.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు ‘అది నువ్వే’ అని చేసిన ఉపదేశాన్ని ఆయన వాడుకున్నది ఇక్కడే. మొగల్ యువరాజు దారా షికో 1657లో ఉపనిషత్తులను పారశీకంలోకి తెప్పించాడు. దాన్నుంచి ఆంకెటిల్ దుపెరాన్ లాటిన్‌లోకి తెచ్చింది 1801, 1802ల్లో అచ్చయింది. ఈయన చేతికి 1814లో అందింది. కుక్కను ‘ఆత్మా’ అని పిలుచుకునేంత అభిమానం. అంతమాత్రాన ‘మనవాడే’ అని మనం జబ్బలు చరుచుకోనక్కర్లేదు. ఉపనిషత్తుల్లోని వైరాగ్యం ఆయనకు పట్టింది, తైత్తిరీయం చెప్పే ఆనందం ఊసు ఆయన రాతల్లో నాకు వినపడదు.

నిరాశావాది గనక చావును మెచ్చుకున్నాడని కొందరనుకుంటారు. నీ ఉత్తరంలో ఒక వాక్యం చూసి ఇది రాస్తున్నాను. ఆత్మహత్య చేసుకునేవాడు బతుకును కాదనడు, తనకు దొరికిన బతుకు తీరును కాదంటాడు, అంటే బతుకును కోరుతూనే ఉంటాడు అని ఆయన వాదన. దాన్ని పాపమని తిట్టలేదు, పొరపాటన్నాడు. మనసు మరీ బరువెక్కితే పుస్తకం పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

మనిషిగా ఆయన జాలి మూర్తేం కాదు. 1821లో బెర్లిన్‌లో గది బయట గోల చేస్తోందని ఒక కుట్టుపని ఆవిడను నెట్టేసి, కోర్టు తీర్పుతో ఆమె బతికున్నన్నాళ్లూ భరణం కట్టాడు. ఆడవాళ్ల మీద రాసిన వ్యాసం చదివితే నీకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. వైరాగ్యం బోధిస్తూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మంచి హోటల్లో భోంచేసేవాడు, రోజూ ఫ్లూట్ వాయించేవాడు. దీనికాయన దగ్గర జవాబుంది: అందమైన శిల్పం చెక్కేవాడు అందగాడై ఉండాలా? సగం ఒప్పుకుంటాను. కానీ జాలే నీతికి మూలమన్నవాడు, 1848 తిరుగుబాటును అణచడంలో గాయపడ్డ సైనికులకూ చనిపోయినవాళ్ల కుటుంబాలకూ ఆస్తిలో ఎక్కువ భాగం రాసి, అవతలి పక్షాన చచ్చినవాళ్లను తలుచుకోకపోవడం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ముందు ఆ డెన్మార్క్ వ్యాసం చదువు, తరవాత నాలుగో భాగం. 1851లో వచ్చి ఆయనకు పేరు తెచ్చిన చిన్న వ్యాసాలు ఆఖర్న చాలు. రుచిగా ఉంటాయి గానీ వాటితో మొదలుపెడితే విసుర్లే తలకెక్కుతాయి. ఆయన్ని గురువుగా భావించిన నీషే తరవాత జాలి మీదే దాడి చేశాడు. జాలి కూడా స్వార్థం వేసుకున్న ఇంకో వేషం కాదని షోపెన్‌హావర్ నిజంగా చూపించగలిగాడా? చదివాక ఈ ఒక్కదానికి నీ జవాబు రాయి, నాది ఆ తరవాత రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న