షాక్‌లు మార్చబోయే చిరంజీవికి

బండి కుంగదు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ ఊడదీసినా టాటా ఏస్ ముందు భాగం నేలకు వాలదు, చిరంజీవి భయపడుతున్నట్లు స్ప్రింగు ఎగిరి మీద పడటమూ జరగదు. 2005లో మార్కెట్టులోకి వచ్చిన ఈ చిన్న ట్రక్కుకు ముందు వైపున కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు, దానికి కమాన్ పట్టీలు ఉంటాయి కనుక బరువు మోసేది ఆ పట్టీలే తప్ప షాక్‌లు కావు. నూనె నిండిన గొట్టంలో పిస్టన్ పైకీ కిందికీ కదిలేటప్పుడు దానిలోని సన్నని దారుల గుండా నూనె బలవంతంగా దూరవలసి వస్తుంది. ఆ ప్రయాసలో కమాను ఊపు వేడిగా మారి, గతుకు దాటిన వెంటనే బండి నిలకడకు వస్తుంది. ఊపును అణచి, చక్రాన్ని రోడ్డు మీద అంటిపెట్టుకొని ఉండేలా చూడటమే షాక్ చేసే పని.

చిరంజీవి భయానికి ఆధారం లేకపోలేదు గాని అది వేరే బండికి చెందినది. కార్లలో ఎక్కువగా కనిపించే మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో, అంటే షాక్, చుట్టల స్ప్రింగు ఒకే కట్టుగా ఉండే అమరికలో, నొక్కుకొని ఉన్న స్ప్రింగును పట్టి ఉంచే పరికరం లేకుండా పై నట్టు విప్పితే స్ప్రింగు ప్రాణం తీసేంత వేగంతో విచ్చుకుంటుంది. ఏస్ ముందు భాగంలో ఆ ప్రమాదం లేదు. అసలు ప్రమాదం చిరంజీవి అడగకుండా వదిలేసిన చోట, తన ఉత్తరం చివర యథాలాపంగా రాసిన ఒక్క వాక్యంలో ఉంది: జాకీ ఎత్తి కిందికి దూరి చూడటం. జాకీ బండిని ఎత్తడానికే గాని ఎత్తిన బండిని మోస్తూ నిలబడటానికి కాదు, అందుకు స్టాండ్లు ఉండాలి. హైడ్రాలిక్ జాకీలో ఒక్క రబ్బరు సీలు అరిగినా, నేల ఏమాత్రం మెత్తగా ఉన్నా బండి చెప్పకుండా దిగుతుంది. బండి పనంతా స్వయంగా నేర్చుకోవాలన్న పట్టుదలను మెచ్చుకొనే పెద్దలే ఈ తొందరపాటును మందలించవలసి వస్తున్నది.

చక్రం విప్పడం, స్పానర్ సైజులు, తుప్పుపట్టిన నట్లకు ముందు రోజు రాత్రే నూనె పట్టించడం చిరంజీవికి తెలిసిన సంగతులే కనుక వాటి జోలికి పోనవసరం లేదు. షాక్ ఒంటి మీద పలచగా చెమ్మ, దాని మీద దుమ్ము కనిపించినంత మాత్రాన అది పాడైనట్లు కాదు. నూనె చారలు కట్టి కిందికి కారుతుంటేనే లోపలి సీలు పోయినట్లు లెక్క. అయితే ఒక వైపు షాక్ మాత్రమే కారుతున్నా రెండూ మార్చవలసిందే, ఎందుకంటే ఒక పక్క కొత్తది, మరో పక్క నీరసించినది ఉంటే గతుకుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ రెండు చక్రాలు రెండు తీరుల ప్రవర్తిస్తాయి. కొత్త షాక్‌ను డబ్బాలోంచి తీసి నేరుగా బిగించకూడదు. రెండు గొట్టాల రకం షాక్ అడ్డంగా పడి ఉన్నప్పుడు లోపలి గొట్టంలోకి గాలి చేరుతుంది కాబట్టి, బండికి బిగించే తీరులోనే నిలబెట్టి పూర్తిగా సాగదీసి, తలకిందులు చేసి పూర్తిగా నొక్కి, మధ్యలో జారినట్లు అనిపించే ఖాళీ పోయేవరకు అలా చేస్తూ ఉండాలి. మెరిసే కడ్డీని మాత్రం ప్లయర్‌తో ఎన్నడూ పట్టరాదు. దాని మీద పడిన చిన్న గీత ప్రతి కదలికలోనూ సీలును కోస్తూనే ఉంటుంది.

ఇక బిగింపు సంగతి కాస్త తీరికగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొత్త షాక్‌లు వేసిన కొన్నాళ్లకే ముందు నుంచి టకటక శబ్దం వస్తున్నదని వాపోయే బళ్లలో చాలావాటికి రోగం షాక్‌లో కాక, బిగించిన వేళలో ఉంటుంది. షాక్ చివర ఉంగరం లాంటి భాగంలో రబ్బరు బుష్, దాని నడుమ చిన్న ఇనుప గొట్టం ఉంటాయి. బోల్టు బిగించగానే ఆ ఇనుప గొట్టం బ్రాకెట్టులో కదలకుండా బిగుసుకుంటుంది, అక్కడి నుంచి షాక్ ఎంత తిరగాలన్నా రబ్బరు మెలిపడి తిరగవలసిందే. ఛాసీ కింద స్టాండ్లు పెట్టి బండిని నిలబెట్టి, ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే ఇరుసు పైకి లేచి రబ్బరు మెలిపడుతుంది. బండి నిలిచి ఉన్నప్పుడు కూడా ఆ మెలి వదలదు. దాని మీద ప్రతి గతుకూ ఇంకొంత మెలి వేస్తుంటే, బుష్ అంచున మొదట వెంట్రుకంత పగులు పుట్టి, క్రమంగా రబ్బరు ఇనుము నుంచి విడిపోతుంది, శబ్దం అప్పుడు మొదలవుతుంది. కాబట్టి బోల్టులన్నీ ముందు వదులుగా పట్టించి, బండి బరువు కమాన్ల మీద పడిన తరువాతనే చివరి బిగువు ఇవ్వాలి. గట్టి ఇరుసు ఉన్న ఈ బండికి దీనికో సులువు ఉన్నది: స్టాండ్లను ఛాసీ కింద కాక ఇరుసు కిందనే పెడితే, చక్రాలు లేకపోయినా కమాన్లు బరువు మోస్తూనే ఉంటాయి, బుష్ తన సహజ స్థితిలోనే బిగుస్తుంది, బ్రేకు గొట్టాలు సాగే ప్రమాదమూ తప్పుతుంది. పైచివర ఉంగరం బదులు మరల కాడ ఉన్న షాక్ అయితే రబ్బరు, వాషర్ అంచుతో సమానంగా ఉబ్బే వరకే నట్టు తిప్పాలి. బలం ఉంది కదా అని రబ్బరు నలిగి బయటికి పొంగేలా బిగించడం బలాన్ని వృథా చేయడమే.

కొత్త షాక్‌లతో కొన్ని రోజులు తిరిగాక బోల్టులన్నిటినీ మరొక్కసారి స్పానర్‌తో పరీక్షించాలి. అంతకంటే ముందు, గట్టి స్టాండ్లు రెండు కొనే వరకు ఈ పని మొదలుపెట్టకూడదు. అందాకా సరుకు తగ్గించి, నెమ్మదిగా నడుపుకోవచ్చు. స్టాండ్లకు డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా ఇంటికి కబురు చేస్తే బాబాయి పంపుతాడు.