బూడిద కుండయు, ఎరువు గొయ్యియు



మన తాతముత్తాతల యిండ్లలో పారవేయుట యను మాట అరుదుగా వినబడెడిది. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెములో చేరెడివి. అంట్లు తోమిన నీరు పెరటి అరటిపాదునకు పోయెడిది. పశువులు తినక విడిచిన గడ్డి వాని క్రిందనే పఱుపై, మరునాడు పెంటలో కలిసెడిది. దీనిని పిసినారితనమని కొందఱు నవ్వుదురు. మేమును ఒకప్పుడు నవ్వినవారమే.

మేము ఉద్యోగమున క్రొత్తగా చేరిన దినములలో నొక గ్రామమున ఎరువు గొయ్యి నింపు పద్ధతిని చూపబోయి, ఇంటి చెత్త యంతయు అందే చేరవలెనని బోధించి, పొయ్యిలోని బూడిదను గూడ పోయించితిమి. ఆ యింటి ముసలమ్మ తన బూడిద కుండపై మూత పెట్టి, "వద్దు నాయనా! తడిపెంటలో బూడిద కలిపితే ఘాటెక్కి బలం పోతుంది" అనెను. మేము వినలేదు. మరునాటికి గొయ్యి దాపున నిలిచినవారి కండ్లు మండెను. ఆ ఘాటు అమ్మోనియా. బూడిదలోని క్షారము తగిలినప్పుడు మూత్రమునందలి నత్రజని ఆ రూపమున గాలిలో గలసిపోవును. నేర్పవచ్చిన మేమే నేర్చుకొని పోయితిమి.

ఆమె పొదుపునకు ఒక క్రమముండెను. బూడిదను పెసలలో, అలసందలలో కలిపి కుండల కెత్తి పురుగు పట్టకుండ కాపాడెడిది. తెల్లవారుజామున మంచుతడి యారకమునుపే చిక్కుడు పాదుపై చల్లి పేనుబంకను అణచెడిది. మిగిలినది కూరమడికి. కట్టెబూడిదలో పొటాషు గలదు, నత్రజని లేదు. కావున దాని చోటు మడియే గాని గొయ్యి గాదు.

ఇక కొట్టము సంగతి మిక్కిలి ముఖ్యమైనది. పశువు విడుచు నత్రజనిలో దాదాపు సగము, పొటాషులో అధికభాగము మూత్రముననే యుండును. పెద్దలు కొట్టమున పొడిమన్ను పఱచి, అది నానిన పిమ్మట త్రవ్వి పొలమునకు తోలెడివారు. నేడు పలువురు నేలను సిమెంటు చేసి మూత్రమును వీధికాలువలోనికి విడుచుచున్నారు. పిదప సంఘపు గిడ్డంగికి వచ్చి యూరియా కొనుచున్నారు. యూరియా యను పేరే మూత్రమునుండి పుట్టినది. మూత్రములోని నత్రజని హెచ్చుగా ఆ పదార్థముగనే యుండును. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెము పైన. సిమెంటు నేల తప్పని మేమనము, శుభ్రమునకు మేలే. కాలువ చివర నొక తొట్టి కట్టి పొడిమన్నుతో నింపినచో ఆ సారము చాలవఱకు నిలుచును.

పెద్దలు చేసినదెల్ల ఒప్పని గాదు. పేడను పిడకలుగా కాల్చిరి. నత్రజని పొగలో పోయెను. 1893లో ప్రకటింపబడిన నివేదికలో వోల్కరను రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి వంటచెఱకు కొఱతయే ముఖ్యకారణమని వ్రాసెను. గ్యాసు పొయ్యి గల యిండ్లకు ఆ కారణము లేదు.

గొయ్యిని నీరు నిలువని మెరకచోట 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున త్రవ్వవలెను. ఒక కొననుండి మూడేసి అడుగుల భాగముగా, నేలకు అడుగున్నర ఎత్తు వచ్చువఱకు నింపి, మన్ను పేడ కలిపి అలుకవలెను. నాలుగైదు నెలలకు ఎరువు సిద్ధమగును. నడుమ వానకు పైపూత బీటలు వారినచో ఆనాడే మరల అలుకుడు.