ఒక్క లైటు చాలు

దుమ్ముగూడెం వైపు అడవి పక్కన ఒక ఊరు అనుకుందాం. బ్యాంకు కాగితానికి ఫోటో కావాలన్నా భద్రాచలం పోవాలి. బస్సు ఛార్జీ దండగ. ఆ రోజు కూలీ పోతుంది. అందుకే పొదుపు సంఘం ఆడవాళ్ళు ఊళ్ళోనే ఫోటో స్టూడియో పెట్టాలనుకున్నారు.

కెమెరా ఉంది. లైట్లు కొనాలి. అప్పు తెచ్చి మూడు పెద్ద లైట్లు కొనాలా? లైటు ఆరినా వడ్డీ ఆగదు కదా!

స్టూడియో ఫ్లాష్ లైటు కరెంటును లోపల దాచుకుంటుంది. ఫోటో తీసేటప్పుడు ఒక్కసారిగా మెరుస్తుంది. దాని బలాన్ని వాట్-సెకండ్లలో చెబుతారు. ఒకరిద్దరి ఫోటోకి 200 వాట్-సెకండ్ల లైటు ఒకటి చాలు.

ఎలా చాలుతుంది? లైటు 8 అడుగుల దూరంలో ఉంది. దాన్ని 4 అడుగులకు జరపండి. మనిషి మీద పడే వెలుగు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

లైటు ముందు పలచని తెల్ల గొడుగు పెట్టండి. ముఖం మీద నీడ మెత్తబడుతుంది. రెండో పక్కన తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టండి. అదే రెండో లైటు పని చేస్తుంది.

కొనేముందు చూడండి:
1. మన కెమెరాతో కలిసి మెరుస్తుందా?
2. వరసగా 10 ఫోటోలు తీస్తే అన్నిట్లో వెలుగు ఒకేలా ఉందా?
3. పాడైతే బల్బు దొరుకుతుందా?

జాగ్రత్త! ప్లగ్గు తీసినా లైటు లోపల కరెంటు నిలిచి ఉంటుంది. మూత విప్పకండి. ప్రాణానికే ముప్పు.

చెప్పండి: లైటును 12 అడుగుల నుంచి 6 అడుగులకు జరిపితే వెలుగు ఎన్నింతలు అవుతుంది? మీ సంఘం అయితే ఎన్ని లైట్లు కొంటుంది? ఎందుకు?